జువాలజీ చదివితే విశ్వాసం పోతుందా? ఒక తమ్ముడికి జవాబు

తమ్ముడూ, ప్రభువు నామంలో వందనాలు.

నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకో. నువ్వు ఎమ్మెస్సీ జువాలజీ ఫస్టియర్. పుట్టినప్పటి నుంచి సంఘంలో పెరిగావు, ఆదివారం పిల్లలకు సండే స్కూల్ చెప్తున్నావు. యవనస్థుల కూడికలో పాస్టరు గారు డార్విన్‌ని నమ్మినవాడికి రక్షణ లేదన్నారు. కాలేజీలో లెక్చరర్ గారేమో దేవుణ్ణి నమ్మేవాడు సైన్సుకి పనికిరాడన్నారు. నీ టెన్షన్ చూసి నాయనమ్మ రోజూ ఏడ్చి ప్రార్థన చేస్తోంది. రెండిట్లో ఒకటి వదిలేయాలా, లేకపోతే క్లాసులో ఒక ముఖం, గుడిలో ఒక ముఖం పెట్టుకుని బతకాలా అని నీ ప్రశ్న. దాని కింద ఆరు రోజుల సృష్టి గురించి, ఆదాము గురించి, మరణం లోకంలోకి ఎలా వచ్చిందన్న దాని గురించి అడిగావు, చివర్లో సండే స్కూల్ మానేయమంటారా అన్నావు.

ఏదీ వదలక్కర్లేదు, రెండు ముఖాలూ అక్కర్లేదు. నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను, లూథరన్ సంఘంలో పెద్దగా ఉన్నాను. ఇదే బాధతో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో కొందరు చివరికి సంఘం వదిలేశారు, కొందరు చదువు మీద మనసు చంపుకుని బిట్లు బట్టీపట్టి పాసయ్యి బయటపడ్డారు. రెండూ జరగక్కర్లేని నష్టాలే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు జీవశాస్త్రం సంగతి, అంటే జీవులన్నీ ఉమ్మడి పూర్వీకుల నుంచి మెల్లగా మారుతూ వచ్చాయన్న డార్విన్ పరిణామ సిద్ధాంతం సంగతి, తేల్చుకుందాం. "అది ఒట్టి థియరీ, రుజువు కాలేదు" అని మన కూడికల్లో తరచూ అంటారు. ఆ మాట పట్టుకుని కూర్చోకు. శిలాజాల దాకా వెళ్లక్కర్లేదు, నీ ఒంట్లోనే మొదలుపెట్టొచ్చు. మేక, కుక్క, ఆవు వీటికి నిమ్మకాయలతో పనిలేదు, విటమిన్ సి వాటి కాలేయంలోనే తయారవుతుంది. ఆ తయారీలో చివరి మెట్టుకి గులో అనే ఎంజైమ్ కావాలి. మనకు ఆ ఎంజైమ్ లేదు, అందుకే నెలల తరబడి పండూ కూరా దొరక్కపోతే చిగుళ్లు వాచి రక్తం కారే స్కర్వీ వస్తుంది, పాత రోజుల్లో దూర ప్రయాణాలు చేసే ఓడల్లో నావికులు దీంతోనే గుంపులుగా చనిపోయేవాళ్లు. ఎంజైమ్ లేదు గానీ దాని జన్యువు మాత్రం ఉంది. మన 8వ క్రోమోజోమ్ మీద, సగం ముక్కలు ఊడిపోయి, మిగిలిన వాటిలో తప్పులు పేరుకుని, దేనికీ పనికిరాకుండా పడి ఉంది. చింపాంజీలో చూడు, అదే జన్యువు అదే స్థితిలో ఉంది, ఊడిపోయిన ముక్కలు కూడా చాలావరకు అవే. ఒరాంగుటాన్‌లో అంతే, మకాక్ కోతుల్లో అంతే. ఇప్పుడు గినీపిగ్‌ని చూడు. దానికీ విటమిన్ సి తయారుచేసుకోవడం రాదు, దాని జన్యువూ పాడైంది, కానీ పాడైన తీరు పూర్తిగా వేరు.

పేపర్లు దిద్దిన అనుభవంతో చెప్తాను. ఇద్దరు పిల్లలు ఒకే ప్రశ్నకి ఒకే సరైన జవాబు రాస్తే ఇద్దరూ చదివారనుకుంటాం, అదే ఇద్దరూ ఒకే లైనులో ఒకే స్పెల్లింగ్ తప్పు, అదే కొట్టివేత చేస్తే ఇద్దరి జవాబుకీ మూలం ఒకటేనని ఏ మాస్టారికైనా తెలిసిపోతుంది. ఈ జన్యువు విషయంలో జరిగింది అదే. "ఒకే దేవుడు చేశాడు కాబట్టి ఒకేలా ఉన్నాయి" అన్న సమాధానం పనిచేసే అవయవాలకి సరిపోతుందేమో గానీ, ఒకేలా పాడైపోయిన జన్యువుకి సరిపోదు.

క్రోమోజోముల లెక్క కూడా అంతే. మనకు 23 జతలు, చింపాంజీకి, గొరిల్లాకి, ఒరాంగుటాన్‌కి 24. ఒక జత ఎక్కడికి పోయింది? మన 2వ క్రోమోజోమ్‌లో దొరికింది. క్రోమోజోమ్ కొసల్లో మాత్రమే ఉండాల్సిన టెలోమియర్ వరుసలు దీంట్లో మధ్యలో, ఎదురెదురుగా ఉన్నాయి. 1991లో ఆ అతుకును చదివి ప్రచురించారు. పైగా ఒక్కో క్రోమోజోమ్‌కి ఒకటే ఉండాల్సిన నడుము లాంటి సెంట్రోమియర్ ఒకటి పనిచేస్తుంటే, పనిచేయని ఇంకో సెంట్రోమియర్ ఆనవాళ్లు కూడా దాంట్లోనే ఉన్నాయి. రెండు క్రోమోజోములు కలిసిపోయి ఒకటయ్యాయి.

శిలాజాలు చూడాలనిపిస్తే మన దేశంలోనే ఉన్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఎక్కడో అమెరికా నుంచి తెచ్చింది కాదు, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, ప్రాణహిత-గోదావరి లోయ రాళ్లలోంచి తీసింది, ఆ రాళ్ల వయసు 16 కోట్ల ఏళ్లకు పైమాటే. తిమింగలాల పూర్వీకులకు నాలుగు కాళ్లుండేవని చెప్పే శిలాజాలు కచ్‌లో దొరికాయి. ఇండోహయస్ అని, పిల్లి కంటే కాస్త పెద్దదైన గిట్టల జంతువు, తిమింగలాలకు దగ్గరి బంధువు, అది జమ్మూ కశ్మీర్‌లో దొరికింది. ఎ. రంగారావు అనే మన భూగర్భశాస్త్రవేత్త సేకరించి పెట్టిన రాళ్లను ఆయన పోయాక ఆయన భార్య థ్యూవిసన్ అనే శాస్త్రవేత్తకి ఇచ్చారు, వాటిని పగలగొట్టి చూస్తే చెవి ఎముక తిమింగలాల చెవి ఎముకలా ఉంది. 2007లో ఆ సంగతి ప్రచురించారు.

ఇదంతా పాతకాలపు మాట, మనకెందుకు అంటావేమో. టీబీ మందులు చూడు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. ఒక్క మంచి మందు సరిపోదా? సరిపోదు. ఐసోనియాజిడ్‌కి లొంగని క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కి లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి మందు వేయకముందే పుట్టి ఉంటుంది. ఒకటే మందు ఇస్తే లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. రెండూ కలిపి ఇస్తే రెండిటికీ లొంగని క్రిమి ఉండే అవకాశం దాదాపు లేదు. మన మిషన్ ఆసుపత్రుల్లో ప్రార్థన చేసి మందులు ఇచ్చే డాక్టర్లు ఆ మందులు ఇచ్చే పద్ధతిలోనే ప్రకృతి వరణాన్ని, అంటే తట్టుకున్నవే మిగిలి పెరగడాన్ని, లెక్కలోకి తీసుకుంటున్నారు. ఆ వైద్యాన్ని దేవుని కృప అని మనమే సాక్ష్యం చెప్తాం.

ఇక అసలు సంగతికొస్తాను. "దేవుడు చేశాడా, ప్రకృతిలో జరిగిందా" అని అడగ్గానే మనం ఒక తప్పు కూడలి దగ్గర నిలబడిపోతాం. 139వ కీర్తన నీకు కంఠతా వచ్చే ఉంటుంది. "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే." ఈ మాటకి ఆమేన్ అనే అక్కచెల్లెళ్లే మూడో నెలలో ఫోలిక్ యాసిడ్ వేసుకుంటారు, ఐదో నెలలో టిఫా స్కాన్‌కి వెళ్తారు. అండం, శుక్రకణం, మోరులా, బ్లాస్టోసిస్ట్, గాస్ట్రులా అని ఎంబ్రియాలజీలో నువ్వు వరసగా చదివావు, ఆ వరసలో ఎక్కడా "ఇక్కడ దేవుడు వచ్చి చెయ్యి పెట్టాడు" అని ఉండదు. అలాగని నువ్వు దేవుని చేతిపని కాదని పాస్టరు గారు అనరు, నాయనమ్మ అనదు, నువ్వూ అనుకోవు. తొమ్మిది నెలల్లో జరిగే సృష్టిని దేవుడు మామూలు పద్ధతుల్లోనే చేస్తాడని ఒప్పుకున్నప్పుడు, కోట్ల ఏళ్ల సృష్టిని కూడా ఆయన అలాగే చేశాడంటే విశ్వాసానికి ఎక్కడ దెబ్బ తగిలింది?

ఆదికాండం ఒకటో అధ్యాయం కూడా ఒకసారి నెమ్మదిగా చదువు. దేవుడు మొక్కల్ని "భూమి మొలిపించుగాక" అన్నాడు, నీళ్లలో తిరిగేవాటిని "జలములు సమృద్ధిగా పుట్టించును గాక" అన్నాడు, జంతువుల్ని "భూమి పుట్టించుగాక" అన్నాడు. మనం అలవాటు కొద్దీ గబగబా దాటిపోతాం గానీ, తాను చేసిన భూమికీ నీళ్లకీ పుట్టించే శక్తిని ఇచ్చి దేవుడు ఆజ్ఞాపిస్తున్న దృశ్యం అది. ఇందులో పరిణామ సిద్ధాంతం ఉందని నేననడం లేదు. బైబిల్లోంచి డీఎన్‌ఏ, బ్లాక్ హోల్స్ బయటికి తీసే ప్రసంగాలంటే నాకు అసలు పడదు. దేవుడు మాధ్యమాల ద్వారా సృష్టిస్తాడన్న మాట లేఖనానికి కొత్త కాదని మాత్రమే అంటున్నాను.

ఇక్కడే ఇంకో ప్రమాదం. సైన్సు ఇంకా వివరించని చోటు చూసి "ఇదిగో ఇక్కడ దేవుడున్నాడు" అనడం కొందరు విశ్వాసులకి అలవాటు. రక్తం గడ్డకట్టే వరస చూపించి, బ్యాక్టీరియా తోక చూపించి ఇది దానంతటది రాదు కాబట్టి దేవుడు అంటారు. రేపు ల్యాబులో ఎవరో దాన్ని వివరించగానే ఆ దేవుడు ఇంకో మూలకి జరగాలి. 2005లో అమెరికాలో డోవర్ అనే ఊరి బడిలో ఇంటెలిజెంట్ డిజైన్, అంటే జీవుల్ని ఒక తెలివైన రూపకర్త చేశాడన్న వాదం, చెప్పాలా వద్దా అని కేసు నడిస్తే, వద్దని మొదటి సాక్ష్యం చెప్పింది కెన్నెత్ మిల్లర్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన ప్రార్థనాపరుడైన కాథలిక్ విశ్వాసి. మన దేవుడు తెలియని వాటికి మాత్రమే దేవుడు కాదు, తెలిసిన వాటికీ ఆయనే దేవుడు.

ఆరు రోజుల సంగతి. ఆదికాండాన్ని 24 గంటల లెక్కన చదవకపోవడం డార్విన్‌కి భయపడి ఈ మధ్య కనిపెట్టిన తప్పించుకునే దారి అని చాలామంది అనుకుంటారు. మూడో శతాబ్దంలోనే ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు అడిగాడు, సూర్యుడు నాలుగో రోజున కదా వచ్చింది, మొదటి మూడు రోజులకీ అస్తమయము ఉదయము ఎలా కలిగాయని. అగస్టీన్ అనే ఆది సంఘ బిషప్ 415 ప్రాంతంలో ముగించిన ఆదికాండ వ్యాఖ్యానంలో దేవుడు అన్నిటినీ ఒక్కసారే కలుగజేసి, విత్తనాల్లాంటి శక్తుల్ని సృష్టిలో ఉంచాడని, అవి కాలక్రమంలో విప్పారుతాయని రాశాడు. ఆయనే ఇంకో హెచ్చరిక చేశాడు. భూమ్యాకాశాల గురించి బయటివాళ్లకి అనుభవంతో తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తెలియని మాటలు మాట్లాడితే వాళ్లు నవ్వుతారు, అప్పుడు పునరుత్థానం గురించి, నిత్యజీవం గురించి మనం చెప్పేది మాత్రం ఎందుకు నమ్ముతారు అని. 1600 ఏళ్ల కిందటి మాట అది.

వాక్యంలోనే చూడు. ఒకటో అధ్యాయంలో మొక్కలు, జంతువులు, ఆఖరున స్త్రీపురుషులు. రెండో అధ్యాయంలో ముందు నరుడు, తర్వాత చెట్లు, తర్వాత జంతువులు, చివర స్త్రీ. ఈ రెండు వరసల్ని పక్కపక్కన పెట్టిన వాళ్లకి తేడా కనపడలేదంటావా? వాళ్లు గడియారం పట్టుకుని రాయలేదు. చుట్టూ బబులోను కథలు ఉన్నాయి, వాటిలో మార్దూకు దేవుడు తియామతు దేవతను చంపి ఆమె కళేబరంతో ఆకాశం భూమి చేస్తాడు, ఓడిపోయిన ఇంకో దేవుడి రక్తంతో మనుషుల్ని చేయిస్తాడు, ఎందుకంటే దేవుళ్లకి వెట్టిచాకిరి చేయడానికి. ఆ లోకంలో నిలబడి ఆదికాండం చెప్పింది, సృష్టి యుద్ధంలోంచి రాలేదు, దేవుని మాటలోంచి వచ్చింది, అది మంచిది, మనిషి బానిసగా పుట్టలేదు, దేవుని స్వరూపంలో పుట్టాడు అని. ఆరు రోజుల పని, ఏడో రోజు విశ్రాంతి అన్న చట్రంలో దాన్ని చెప్పింది. ఆ చట్రాన్ని రాతి పొరల వరస చూపే స్ట్రాటిగ్రఫీ చార్టుతో పోల్చి మార్కులు వేయడం వాక్యాన్ని గౌరవించడం కాదు.

మరి ఈ ఆరు వేల ఏళ్ల పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చింది? 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ అషర్ వంశావళులు కూడి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు, 1701 నుంచి ఇంగ్లీషు బైబిళ్ల మార్జిన్లలో ఆ సంవత్సరాలు అచ్చయ్యాయి, చదివేవాళ్లకి అవీ లేఖనమే అనిపించాయి. అయినా 19వ శతాబ్దం చివరికి చదువుకున్న బోధకుల్లో చాలామంది భూమి చాలా పాతదని ఒప్పుకున్నారు. 1910-15 మధ్య అమెరికాలో ఫండమెంటలిజం అనే ఛాందస ఉద్యమానికి ఆ పేరు రావడానికి కారణమైన వ్యాసాల సంపుటాల్లోనే జేమ్స్ ఓర్ అనే స్కాట్లండ్ వేదాంతి పరిణామం దేవుని పద్ధతి కావొచ్చని రాశాడు. 1925లో అమెరికాలోని టెన్నెసీలో, బడిలో పరిణామం చెప్పాడని స్కోప్స్ అనే టీచరు మీద కేసు నడిపిన బ్రయన్ కూడా సృష్టి రోజులు 24 గంటలవి కానక్కర్లేదని బోనులో ఒప్పుకున్నాడు. జలప్రళయంతోనే రాళ్లన్నీ ఏర్పడ్డాయన్న వాదాన్ని 1923లో ప్రైస్ అనే అడ్వెంటిస్టు రచయిత బలంగా రాశాడు, 1961లో విట్‌కమ్ అనే వేదాంతి, మోరిస్ అనే హైడ్రాలిక్స్ ఇంజనీరు కలిసి దాన్ని మిగతా సంఘాల్లోకి తెచ్చారు. మన పాస్టరు గార్లు యూట్యూబ్‌లో తెలుగులో వింటున్నది చాలావరకు ఈ 1961 తర్వాతి అమెరికా బోధ. అపొస్తలుల కాలం నుంచి వచ్చిన విశ్వాసం అని దాన్ని మోయాల్సిన పనిలేదు.

లెక్చరర్ గారి మాటకి తక్కువ చెప్తే చాలు. డార్విన్ పుస్తకం 1859 నవంబరులో వచ్చింది, దాన్ని ముందే చదివి మెచ్చుకుంటూ ఉత్తరం రాసినవాళ్లలో చార్లెస్ కింగ్‌స్లీ అనే ఆంగ్లికన్ పాదిరి ఉన్నాడు. అమెరికాలో దాన్ని నిలబెట్టింది హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే, భక్తుడు. జెనెటిక్స్‌కి పునాది వేసిన మెండెల్ మఠంలో సన్యాసి. పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన డాబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు, అదే వ్యాసంలో తాను సృష్టినీ పరిణామాన్నీ రెండిటినీ నమ్ముతానన్నాడు. మనిషి డీఎన్‌ఏ మొత్తాన్ని చదివిన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టును 2003లో పూర్తిచేయించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ నాస్తికుడిగా ఉండి మారిన విశ్వాసి. డార్విన్ తనే 1879లో ఒక ఉత్తరంలో మనిషి గట్టి ఆస్తికుడిగానూ పరిణామవాదిగానూ ఉండొచ్చని రాశాడు. ప్రకృతిలో ఏది ఎలా జరిగిందో సైన్సు చెప్తుంది, దేవుడు లేడన్నది మాత్రం ల్యాబులో వచ్చిన రిజల్టు కాదు, అది లెక్చరర్ గారి సొంత నమ్మకం. ఆయన్ని గౌరవించు, సబ్జెక్టు నేర్చుకో, ఆ నమ్మకాన్ని సబ్జెక్టుతో పాటు కలిపి మింగక్కర్లేదు.

ఆదాము విషయం కొంచెం కష్టం, దాన్ని తేలిక చేసి చెప్పను. ఈనాటి మనుషుల్లో ఉన్న జన్యు వైవిధ్యం ఒక్క జంట నుంచి కొన్ని వేల ఏళ్లలో రాదు, మన పూర్వీకుల జనాభా వేలల్లోనే ఉండేదని లెక్కలు చెప్తున్నాయి. విశ్వాసులైన పండితులు దీన్ని రకరకాలుగా చూస్తారు. ఆదాము ప్రతి మనిషి కథ అని కొందరు. అప్పటికే ఉన్న మనుషుల్లోంచి దేవుడు ఒక జంటను పిలిచి, తనతో నిబంధనలో నిలబెట్టి, అందరికీ ప్రతినిధులుగా చేశాడని కొందరు. కొన్ని వేల ఏళ్ల కిందట బతికిన ఒక జంట, మిగతా జనంతో వాళ్ల సంతతి కలిసిపోగా, ఈనాటి అందరి వంశవృక్షంలోనూ ఉండటం లెక్క ప్రకారం సాధ్యమేనని జాషువా స్వామిదాస్ అనే కంప్యుటేషనల్ బయాలజిస్టు 2019లో చూపించాడు. నా మనసు రెండోదాని వైపు మొగ్గుతుంది. కయీను హేబెలును చంపాక తనను కనుగొన్నవాడెవడైనా చంపేస్తాడని భయపడ్డాడు కదా, ఎవరికి భయపడ్డాడు? ఊరు కట్టించాడు, ఎవరి కోసం? చిన్నప్పుడు సండే స్కూల్లో ఈ ప్రశ్న అడగని పిల్లాడు ఉండడు. కథ చుట్టూ ఇంకా మనుషులున్నట్టే ఆదికాండం రాస్తోంది.

ఈ అభిప్రాయాల్లో ఏది పట్టుకున్నా పాపం నిజం, క్రీస్తు అవసరం నిజం. మనిషి దేవుణ్ణి కాదని తన దారి పట్టాడన్నది ఏ జీనోమ్ చదివినా అబద్ధం అయ్యేది కాదు.

ఇప్పుడు మరణం. నిజానికి అన్నిటికంటే లోతైన ప్రశ్న ఇదే, ఆరు రోజులది కాదు. రోమా 5లో పాపం ద్వారా మరణం వచ్చిందని పౌలు రాశాడు, అక్కడ "మనుష్యులందరు" అంటున్నాడు, డైనోసార్ల గురించి కాదు. పండు తిన్న దినాన నిశ్చయంగా చచ్చెదవని దేవుడు చెప్పాడు, ఆదాము ఆ తర్వాత కూడా బతికి 930 ఏళ్లకు చనిపోయాడని అదే పుస్తకం చెప్తోంది, కాబట్టి ఆ రోజు మొదట తెగింది దేవునితో ఉన్న బంధం. తోటలో జీవవృక్షం అవసరమైందంటే మనిషి తనంతట తాను చావులేనివాడు కాదు. 104వ కీర్తనలో సింహపు పిల్లలు వేట కోసం గర్జిస్తూ తమ ఆహారాన్ని దేవుని చేతిలోనుంచి అడుగుతాయి, దాన్ని శాపం అని కీర్తనకారుడు అనలేదు, ఆయన జ్ఞానం అన్నాడు.

ఇంతవరకు వచనాలతో సర్దొచ్చు. గుండెను పట్టేది వేరే. 1860లో డార్విన్ ఏసా గ్రేకి రాసిన ఉత్తరంలో, బతికున్న గొంగళిపురుగుల్ని తింటూ పెరిగే కందిరీగ జాతుల్ని దయగల దేవుడు కావాలని చేశాడని తాను నమ్మలేకపోతున్నానన్నాడు. కోనసీమ వెళ్తే ఆ బంధువర్గాన్నే చూడొచ్చు. కొబ్బరి ఆకు తినే నల్లతల గొంగళిపురుగు మీదికి రైతులు బ్రాకన్ అనే పరాన్నజీవి కందిరీగల్ని తెచ్చి వదులుతారు. అది పురుగుని కుట్టి కదలకుండా చేసి దాని మీద గుడ్లు పెడుతుంది, పిల్లలు పురుగును బతికుండగానే పీల్చి తింటాయి. తోట బతుకుతుంది. మంచా చెడా ఇది?

ఇంకా దగ్గరికి రా. ఏజెన్సీ ఊళ్లలో, ఆదిలాబాద్ వైపు, సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలున్నారు. హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు. ఒక కాపీ ఉన్నవాళ్లు ప్రాణం తీసే మలేరియాను తట్టుకుంటారు, 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి చూపించాడు, అందుకే మలేరియా ఉన్న చోట ఆ మార్పు నిలిచింది. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఒక్కో కాపీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు రెండు కాపీలు రావడానికి. ఆ బిడ్డ ఎముకల నొప్పితో రాత్రంతా అరుస్తాడు. ఊరిని కాపాడిన మార్పే ఆ బిడ్డను పిండేస్తుంది. పరిణామాన్ని ఒప్పుకున్న విశ్వాసి ఈ మంచం పక్కన నిలబడి మాట్లాడాలి. ఒప్పుకోని విశ్వాసి కూడా ఇదే మంచం పక్కన నిలబడాలి, "పాపం వల్ల వచ్చింది" అన్నంత మాత్రాన అతని పని సులువు కాదు, పాపం చేయని బిడ్డకి ఎందుకని తల్లి అడుగుతుంది.

నేను నమ్మేది చెప్తాను. తన సృష్టిని దేవుడు బొమ్మలాగా ఆడించడు, దానికి స్వేచ్ఛ ఇచ్చాడు, రక్తకణాన్ని పుట్టించిన ఆ మార్పుల స్వేచ్ఛలోనే జబ్బు కూడా పుడుతుంది. అది కొంత అర్థాన్నిస్తుంది గానీ ఆ తల్లికి ఓదార్పు కాదు. ఆమె దగ్గర నేను చెప్పగలిగింది సిలువ ఒక్కటే. దేవుడు ఈ బాధను పైనుంచి చూస్తూ కూర్చోలేదు, మనలాంటి శరీరం, మనలాంటి రక్తం, బహుశా ఆ పాడైన గులో జన్యువుతో సహా తీసుకుని వచ్చి మేకుల కింద పడ్డాడు. "సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదనపడుచునున్నది" అని రోమా 8లో ఉంది. ప్రసవవేదన అన్నాడు, చావునొప్పి అనలేదు. సృష్టి ఇంకా ముగియలేదని, లేచిన క్రీస్తులో దాని గమ్యం కనపడిందని నా నిరీక్షణ. బాధకి పూర్తి జవాబు నా దగ్గర ఉందని చెప్పే ఏ బోధకుణ్ణీ, ఏ ప్రొఫెసర్నీ నమ్మకు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే తప్పుచేశారు.

కోతి నుంచి వస్తే దేవుని స్వరూపం ఎలా అని నాయనమ్మ అడిగిందన్నావు. ఆమెకి ఇలా చెప్పు. వాక్యం మనల్ని నేలమంటితో చేశాడంటోంది, మట్టి కంటే కోతి తక్కువదేం కాదు. స్వరూపం ఎముకలో లేదు, దేవుడు మనల్ని పిలిచి ఇచ్చిన స్థానంలో ఉంది. ఆ కాలంలో ఐగుప్తులోనూ బబులోనులోనూ దేవుని స్వరూపం అంటే రాజు ఒక్కడే, ఆదికాండం ఆ గౌరవాన్ని స్త్రీకీ పురుషుడికీ, ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని రోజుల్లో మన ముత్తాతలు ఈ వచనం విని బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడు జన్యుశాస్త్రం కూడా అదే దిక్కుకి చూపిస్తోంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం సుమారు 4200 నుంచి 1900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో వేర్వేరు మూలాల జనం విస్తారంగా కలిసిపోయారు, కులంలోపలే పెళ్లిళ్లన్న కట్టడి ఆ తర్వాతే బిగుసుకుంది. పుట్టుకతోనే వేరు అన్న మాటకి రక్తంలో ఆధారం లేదు. పరిణామ పాఠంలో ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, క్లాసులో దీని దగ్గర ఎక్కువసేపు ఆగేవాణ్ణి.

చివరిగా నువ్వు చేయాల్సిన పనులు. పాస్టరు గారితో స్టేజీ మీద, వాట్సాప్ గ్రూపులో వాదనకి దిగొద్దు. ఆయన సంఘం చెదిరిపోతుందని భయపడుతున్నారు, ఆ భయం ప్రేమలోంచి వచ్చిందే. ఇంటికి వెళ్లి, అయ్యగారూ నాకు క్రీస్తు మీద విశ్వాసం తగ్గలేదు, అది మీకు ముందు చెప్పాలని వచ్చాను అని మొదలుపెట్టు. రక్షణ క్రీస్తు వల్ల అని ఆయనే నీకు నేర్పారు, భూమి వయసు వల్ల అని ఎప్పుడూ నేర్పలేదు. ఒప్పుకోకపోతే ఒప్పుకోనివ్వు, ఆయనతో కలిసి ప్రభురాత్రి భోజనం తీసుకో. నాయనమ్మతో సైన్సు మాట్లాడక్కర్లేదు, సాయంత్రం ఆమె పక్కన కూర్చుని బైబిలు చదివి వినిపించు, ఆమె భయం నువ్వు దూరమైపోతావని. పరీక్షలో జవాబు నిజాయితీగా రాయి, "సైంటిస్టులు ఇలా అంటారు" అని తప్పించుకుంటూ రాయొద్దు, ఆధారాలు చూసి నువ్వు ఒప్పుకున్నది రాయి.

సండే స్కూల్ మానొద్దు. ఇలాంటి చదువున్నవాడు అక్కడ ఉండటం చాలా అవసరం. ఎనిమిదేళ్ల పిల్లలకి పరిణామ సిద్ధాంతం చెప్పక్కర్లేదు, కానీ రేపు వాళ్లు నీలాగా రెండు ముక్కలైపోయేలా కూడా ఏదీ చెప్పకు. "సైన్సు అబద్ధం" అన్న మాట నీ నోట రానీయకు. ఆదికాండం ఒకటో అధ్యాయం గట్టిగా చదివించు, "అది మంచిదని దేవుడు చూచెను" అని వచ్చిన ప్రతిచోటా పిల్లలందరి చేత ఒక్కసారిగా అనిపించు, తర్వాత బయటికి తీసుకెళ్లి గుడి ఆవరణలో ఎన్ని రకాల పురుగులు, ఆకులు ఉన్నాయో ఏరించు. ఎవరైనా డైనోసార్లు ఏ రోజున పుట్టాయి సార్ అని అడిగితే, అవి చాలా చాలా ఏళ్ల కిందట ఇప్పుడు మన గోదావరి లోయ ఉన్నచోటే తిరిగాయని, వాటినీ దేవుడే చేశాడని చెప్పు, బిర్లా మ్యూజియం ఫొటో ఫోన్లో చూపించు. ఆదివారం క్లాసు ఎలా జరిగిందో రాయి, పెద్ద పిల్లలకి ఏం చెప్పాలో అప్పుడు మాట్లాడుకుందాం.